అడిగిన ప్రశ్నను ఇంటికి మోసుకెళ్లిన మాస్టారు మీకెవరైనా ఉన్నారా?

వాల్తేరు_పిల్ల

అందరికీ నమస్కారం. మా డిగ్రీ స్టాటిస్టిక్స్ సార్ ఈమధ్యే రిటైరయ్యారు. పాత బ్యాచ్‌ల వాళ్లందరం కలిసి చిన్న సభ పెట్టాం. ఆ రోజు మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఇంచుమించు ఒకే సంగతి చెప్పారు. సార్‌ని ఏదైనా అడిగితే "అది సిలబస్‌లో లేదు" అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదని. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను, మీవి కూడా వినాలనుంది.

నేను డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు, డబ్బు కట్టి ఇంజనీరింగ్ చదివించే స్థోమత ఇంట్లో లేదు, దగ్గర్లోని గవర్నమెంటు కాలేజీలో ఆ గ్రూపులో సీటు ఖాళీగా ఉంది, చేరిపోయాను. స్టాటిస్టిక్స్ అంటే జనాభా లెక్కలేమో అనుకునేదాన్ని. మొదటి ఏడాదిలో ఒకరోజు వేరియన్స్ పాఠం, అంటే అంకెలు వాటి సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. అంకెలన్నీ మన చేతిలో ఉంటే సగటు నుంచి వాటి తేడాల వర్గాలను కూడి ఎన్‌తో, అంటే అంకెలు ఎన్ని ఉంటే అంతతో, భాగించాలి, వాటిలోంచి తీసిన కొన్ని, అంటే శాంపిల్, మాత్రమే ఉంటే ఎన్ మైనస్ ఒకటితో భాగించాలి అని సార్ బోర్డు మీద రాశారు. నాకు మింగుడుపడలేదు. "ఆ ఒకటి ఎందుకు తీసేశాం సార్" అని అడిగాను. క్లాసంతా నవ్వింది, సార్ నవ్వలేదు. "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్" అని మొదలుపెట్టి మధ్యలో ఆపేసి, "ఇలా చెబితే నీకు పేరు తెలుస్తుంది, సంగతి తెలియదు, రేపు చూద్దాం" అన్నారు.

మర్నాడు జేబులోంచి మూడు చీటీలు తీశారు. వాటి మీద 1, 2, 3 అని అంకెలు. "ఈ క్లాసుకి ప్రపంచమంతా ఈ మూడే" అన్నారు. సగటు 2, వేరియన్స్ మూడింట రెండు, అది అందరం చేశాం. తర్వాత ఒక చీటీ తీసి చూసి లోపల వేసి, మళ్లీ ఒకటి తీసి, అలా రావడానికి వీలున్న జతలన్నీ బోర్డు మీద రాయించారు, మొత్తం తొమ్మిది. ఒక్కో జతకి ఒక్కొక్కరిని లేపి వేరియన్స్ కట్టించారు. రెండుతో భాగించి తొమ్మిదింటికీ సగటు తీస్తే మూడింట ఒకటి వచ్చింది, అంటే అసలుదాంట్లో సరిగ్గా సగం. అవే తొమ్మిదింటినీ ఒకటితో భాగించి సగటు తీస్తే మూడింట రెండు, అసలు దానికి అచ్చంగా సమానం. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు చెప్పారు, జతలోని రెండు అంకెలకూ వాటి సొంత సగటు ఎప్పుడూ దగ్గరగానే ఉంటుంది, అసలు సగటు దూరంగా ఉండొచ్చు, మనం కొలిచేది దగ్గరున్నదాన్నించి కాబట్టి తేడాలు తక్కువగా కనిపిస్తాయి, ఆ తక్కువను సరిచెయ్యడానికే ఒకటి తీసేస్తాం అని.

నా కోసం ఒక పెద్దాయన ఇంటికెళ్లి రాత్రి కూర్చుని చీటీలు రాసుకున్నాడన్నది నాకు చాలా పెద్ద విషయం. ఆ చదువే చదవాలని ఆ రోజే అనుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేస్తున్నాను. కొత్త మందు వేసుకున్నవాళ్లకి నిజంగా నయమైందా, లేక కాకతాళీయంగా అలా కనిపిస్తోందా అని తేల్చే పని.

మీకూ ఇలాంటి మాస్టారు ఉంటే రాయండి. పేర్లు, ఊర్లు అక్కర్లేదు, ఏం చేశారో చెప్పండి చాలు.

పెన్నా_తీరం

చదువుతుంటే కలాం గారి మాస్టారు గుర్తొచ్చారు. రామేశ్వరంలో శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే ఆయన అయిదో తరగతి పిల్లలకు పక్షి ఎలా ఎగురుతుందో బోర్డు మీద బొమ్మ గీసి, రెక్కలు ఎలా ఆడిస్తుంది, తోకతో ఎలా మలుపు తిరుగుతుంది అని చెప్పారట. చివర్లో అర్థమైందా అని అడిగితే కలాం గారు అర్థం కాలేదన్నారు, ఇంకా చాలామంది అదే మాట అన్నారు. ఆయన కోప్పడలేదు. ఆ సాయంత్రం క్లాసు మొత్తాన్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి ఎగిరే పక్షుల్ని చూపించి మళ్లీ చెప్పారు. తన చదువు విమానాల వైపు తిరగడానికి ఆ సాయంత్రమే కారణమని కలాం గారు చాలా సభల్లో చెప్పారు. తర్వాత ఫిజిక్సు, ఆపైన మద్రాసు ఎంఐటీలో ఏరోనాటిక్స్.

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఇంకోటి. ఆ అయ్యర్ గారు కలాంని భోజనానికి పిలిస్తే, ముస్లిం పిల్లవాడికి తన వంటింట్లో వడ్డించనని ఆయన భార్య అన్నారు. ఆయన ఆమెతో గొడవపడలేదు, పిల్లవాడిని వెనక్కి పంపలేదు. తనే వడ్డించి, పక్కనే కూర్చుని తిన్నారు. వెళ్లేటప్పుడు వచ్చే వారం కూడా రమ్మన్నారు. ఆ పై వారం ఆమే లోపలికి పిలిచి తన చేత్తో వడ్డించారు. చదువు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు గానీ, అది 1940ల నాటి రామేశ్వరం, ఆయనది ఆచారవంతమైన కుటుంబం, ఆ రోజుల్లో ఆ పని చెయ్యడానికి ఎంత గుండె ఉండాలి.

లెక్కల_పంతులు

వాల్తేరు_పిల్ల గారూ, మీ సార్‌కి నా నమస్కారం చెప్పండి. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, ప్రైవేటు కాలేజీ. అటువైపు నిలబడ్డవాడి మాట కూడా కొంచెం వినండి.

మాకు ఏ రోజు ఏ పీరియడ్‌లో ఎన్ని లెక్కలు పూర్తి కావాలో ముందే షెడ్యూల్ వస్తుంది. వారం చివర పరీక్ష, సోమవారం మార్కుల మీద మీటింగ్. ఒక పిల్లాడు "సార్, సున్నాతో ఎందుకు భాగించకూడదు" అని అడిగితే అది నాకు ఎంత ఇష్టమైన ప్రశ్నో చెప్పలేను, కానీ దానికి పది నిమిషాలు ఇస్తే ఆ రోజు లెక్కలు రెండు మిగిలిపోతాయి, పక్క సెక్షన్ ముందుకెళ్లిపోతుంది, నన్ను పిలిచి అడుగుతారు. స్టడీ అవర్‌లో డౌట్ కౌంటర్ అని ఒక బల్ల ఉంటుంది. అక్కడికి వచ్చే ప్రశ్నలన్నీ "ఈ స్టెప్పు ఎలా వచ్చింది" అనేవే. "ఎందుకు" అనే ప్రశ్న పిల్లల నోట్లోంచి రెండు నెలల్లో మాయమైపోతుంది, నా కళ్లముందే. అది నన్ను చాలా బాధపెడుతుంది. అధ్యాపకుడు మంచివాడైతే సరిపోదండీ, ఆ రేపు అన్నది అతని చేతిలో ఉండాలి.

వాల్తేరు_పిల్ల

@లెక్కల_పంతులు గారూ, మీరన్నది నిజం. మా సార్‌కి గవర్నమెంటు కాలేజీలో ఆ వెసులుబాటు ఉంది. అయితే అదే కాలేజీలో అదే వెసులుబాటు ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉండేవారు, అందరూ ఇంటికెళ్లి చీటీలు రాయలేదు కదా.

చెప్పడం మర్చిపోయాను. చీటీల క్లాసు అయిపోయాక సార్ మాకు సి.ఆర్. రావు గారి కథ చెప్పారు. అది కూడా ఒక ప్రశ్న కథే, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టిన తెలుగాయన. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. నాన్నగారిది పోలీసు ఉద్యోగం, బదిలీల మీద గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరికి విశాఖపట్నం చేరారు. ఏవీఎన్ కాలేజీలో ఇంటర్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్. ఆ తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివి, ఇరవైల్లో ఉండగానే కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎంఏ పిల్లలకు పాఠాలు మొదలుపెట్టారు. 1944లో ఒకరోజు ఇంగ్లండ్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ కనిపెట్టిన ఒక ఫలితం చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు ఒక అంచనాలో ఉండే తేడా ఫలానా హద్దుకన్నా తగ్గదు అనేది ఆ ఫలితం. క్లాసులో దండేకర్ అనే విద్యార్థి లేచి, మరి చిన్న శాంపిల్ అయితే ఇలాంటిది చెప్పగలమా అని అడిగాడు. ఆ రాత్రి రావు గారు కూర్చుని నిరూపణ సాధించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ఇప్పుడు ప్రపంచమంతా క్రామర్-రావు అసమానత అని చదివేది దాన్నే. ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని (సగటున అసలు విలువనే ఇచ్చే) అంచనాలో తేడా ఇంతకన్నా తగ్గదు అని చెప్పే హద్దు అది. స్వీడన్‌లో క్రామర్ విడిగా అదే ఫలితాన్ని సాధించారు కాబట్టి ఇద్దరి పేర్లూ కలిసి నిలిచాయి.

ఆ రోజు దండేకర్ నోరు మూసుకుని కూర్చుని ఉంటే? లేదా రావు గారు "పుస్తకంలో పెద్ద శాంపిల్‌కే ఉందయ్యా" అని ముందుకెళ్లిపోతే? మా సార్ ఈ ప్రశ్న మమ్మల్ని అడిగి, జవాబు చెప్పకుండా అటెండెన్స్ రిజిస్టర్ తీసుకుని వెళ్లిపోయారు.

అట్లాంటా_ఆవకాయ

వావ్, ఈ పోస్టు చూసి ఆఫీసు పని పక్కన పెట్టేశాను. నేను ఇన్సూరెన్స్ కంపెనీలో యాక్చువరీని, అంటే రిస్కు లెక్కలు కట్టేదాన్ని నా పని, రోజూ రావు గారి పేరు తగులుతూనే ఉంటుంది. వాల్తేరు_పిల్ల చెప్పిన 1945 నాటి ఆ వ్యాసంలో ఒక్క అసమానతే కాదు, ఉన్న అంచనాను ఇంకా మెరుగుచేసే దారి చూపే, తర్వాత రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా పేరుపడ్డది కూడా అందులోదే. ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పే డిస్ట్రిబ్యూషన్ల మధ్య దూరాన్ని జ్యామితితో కొలిచే ఆలోచన కూడా అక్కడే మొదలైంది. ఒక్క వ్యాసంలో మూడు. రాసినవాడికి అప్పటికి పీహెచ్‌డీ కూడా లేదు. అది తర్వాత, 1948లో కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర వచ్చింది. అసలు ఆయన్ని అక్కడికి పంపింది ఆఫ్రికాలో తవ్వి తీసిన ఎముకల కొలతల లెక్క తేల్చడానికి!

ఆయన కలకత్తా చేరిన తీరు కూడా వినండి. వెళ్లింది సైన్యంలో లెక్కలకు సంబంధించిన ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి, అది రాలేదు. బస చేసిన హోటల్లో సుబ్రహ్మణ్యన్ అనే ఆయన పరిచయమయ్యారు, ఆయన అప్పుడు మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాటిస్టిక్స్ ట్రైనింగ్‌లో ఉన్నారు. ఆయన వెంట వెళ్లి చూసి, ఇదేదో బాగుందని 1941 జనవరిలో రావు గారు చేరిపోయారు. హోటల్లో పరిచయమైన మనిషి కూడా దారి మారుస్తాడు, చూడండి.

ఇంకో సంగతి. రావు గారి దగ్గర 1960లలో పీహెచ్‌డీ చేసిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్‌కి 2007లో ఏబెల్ బహుమతి వచ్చింది, గణితంలో నోబెల్ లాంటిది. ఆయన మొదట ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్ పని చేద్దామని ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ పార్థసారథి, వరదరాజన్ అనే సీనియర్లు కలిసి ఆయన్ని ప్రాబబిలిటీ థియరీ వైపు లాగారు. బహుమతి వచ్చినప్పుడు ఇంటర్వ్యూలో ఆయన తలుచుకున్నది హైస్కూల్ లెక్కల మాస్టారిని. శని, ఆదివారాల్లో కొంతమంది పిల్లల్ని ఇంటికి పిలిచి, పరీక్షలతో సంబంధం లేని లెక్కలు ఇచ్చేవారట. లెక్కలంటే ఆడుకునే ఆటల్లాంటివని తనకు అక్కడే తెలిసిందని చెప్పాడు. ఆ మాస్టారు ఆ పని ర్యాంకుల కోసం చెయ్యలేదు.

కొల్లేటి_కొంగ

మీరంతా లెక్కల వైపు లాక్కెళ్తున్నారు, నేను కాస్త మా బందరు వైపు రమ్మంటాను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పంతులుగా పనిచేశారు. అవధానాలతో ఆంధ్రదేశమంతా ఊగించిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరు, రాజాస్థానాలు తిరిగి సన్మానాలు పొందిన మనిషి, హైస్కూలు పిల్లలకు పద్యం అప్పజెప్పించుకుంటూ కూర్చున్నారు. ఆయన శిష్యులెవరో చూడండి, విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు. ఒక జిల్లా ఊళ్లో ఒక తెలుగు పంతులు ఇంతమందిని ఇచ్చారు.

ప్రశ్నకు జవాబు తెచ్చి ఇచ్చిన గురువు గురించి మీరు రాశారు, బాగుంది. నాకు గొప్పగా తోచేది వేరే. శాస్త్రి గారి శిష్యులు ఎవరూ శాస్త్రి గారిలా రాయలేదు. విశ్వనాథ దారి ఆయనకు ఎక్కడా కలవదు. గురువు పద్యం నీళ్లలా పారుతుంది, శిష్యుడిది కొండ ఎక్కినట్టు ఉంటుంది. అయినా గురువు తన అచ్చు శిష్యుడి మీద గుద్దలేదు, శిష్యుడు ఆ గురువును నెత్తిన పెట్టుకున్నాడు. నాలాంటివాడు శిష్యుడైన వైభవం నన్నయకు లేదు, తిక్కనకు లేదు, మా గురువుకే దక్కింది అని విశ్వనాథ పద్యం రాసుకున్నాడు. పైకి అహంకారంలా వినిపిస్తుంది. నేను ఎన్నిసార్లు చదివినా నాకు అందులో గురుభక్తే కనిపిస్తుంది, అంత ధైర్యంగా తల ఎత్తుకునేలా పెంచింది ఎవరు మరి? 1970 సంవత్సరానికి విశ్వనాథకి జ్ఞానపీఠం వచ్చింది, తెలుగుకి అదే మొదటిది. అది చూడటానికి శాస్త్రి గారు లేరు, 1950లోనే పోయారు.

నిశ్శబ్దం

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నా దారి కూడా ఒక మాస్టారే మార్చారు, కానీ చెడగొట్టి.

పదో తరగతిలో లెక్కల్లో స్కూల్ ఫస్ట్ నేనే. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే మా లెక్కల సార్ నాన్నని పిలిచి, ఆడపిల్లకి ఆ గ్రూపు కష్టం, పైగా తర్వాత దూరం పంపాలి, సీఈసీ తీసుకుంటే ఊళ్లోనే అయిపోతుంది అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, నా మంచి కోసమే అన్నానని అనుకుని ఉంటారు. నాన్నకి ఆయన మాట వేదం. సీఈసీలో చేరాను. ఏడాదంతా ఏడుస్తూనే ఉన్నాను.

తర్వాత నన్ను లేపింది మా ఊరి శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్. ఆవిడ టీచర్ కాదు. నేను రోజూ సాయంత్రం వెళ్లి పేపర్లో సుడోకు, లెక్కల పజిల్స్ చేసుకునేదాన్ని. ఒకరోజు ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, "కామర్స్‌లో కూడా లెక్కలే కదమ్మా, సీఏ అని ఉంది, తెలుసా" అంది. సీఏ ఫౌండేషన్ పుస్తకాలు తెప్పించమని ఇండెంట్ తనే రాసింది. అవి రావడానికి నెలలు పట్టింది, ఈలోగా పట్నంలో చదివే వాళ్ల అబ్బాయి పాత పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. నేనిప్పుడు సీఏని, సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకున్నాను. మాస్టారి మాట ఎంత బరువుగా ఉంటుందో పిల్లలకు చెప్పడానికి ముందు పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. "నీకిది రాదు" అని ఒక్క వాక్యంలో అనేస్తారు, దాన్ని మోసేది పదహారేళ్ల పిల్ల.

అట్లాంటా_ఆవకాయ

@నిశ్శబ్దం అక్కా, రాసినందుకు థాంక్స్. ఆ లైబ్రేరియన్ గారు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మెట్టపంట

నేను ఎస్జీటీని. మా బడిలో ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఇద్దరం టీచర్లం. అంటే ఒకే గదిలో రెండో తరగతి వాళ్లకు ఎక్కాలు రాయమని చెప్పి, అయిదో తరగతి వాళ్లకు పాఠం చెప్పాలి. పొద్దున్నే యాప్‌లో హాజరు, మధ్యాహ్నం భోజనం వివరాలు, మధ్యలో ఏదో ఒక రిపోర్టు. లెక్కల_పంతులు గారు అన్న "రేపు మన చేతిలో ఉండాలి" అన్నది చదివి నాకు కళ్లు చెమర్చాయి.

అయినా ఒకటి రాయాలి. మొన్న ఒక పిల్ల, నాలుగో తరగతి, "టీచర్, పగలు చందమామ ఎందుకు కనిపిస్తున్నాడు, సూర్యుడున్నాడు కదా" అని అడిగింది. నిజంగానే ఆ రోజు పొద్దున ప్రార్థన వేళకి పడమట చంద్రుడు తెల్లగా ఉన్నాడు. పుస్తకంలో రాత్రి చంద్రుడే ఉంటాడు. నాకు అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు, రేపు చెబుతానన్నాను. ఇంటికెళ్లి చూసుకుని మర్నాడు ఒక తెల్ల బంతి తీసుకెళ్లాను. ఎండలో నిలబడి, చెయ్యి చాపి, బంతిని సరిగ్గా చంద్రుడి పక్కన కనిపించేలా పట్టుకోమన్నాను. బంతి మీద ఎండ పడిన భాగం, చంద్రుడి మీద వెలుగున్న భాగం ఒకే ఆకారంలో, ఒకే వైపుకి వంగి కనిపించాయి! రెండింటి మీదా పడేది ఒకే ఎండ కదా. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బంతి పట్టుకుని అరిచారు. రెండో తరగతి వాళ్లు ఎక్కాలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఆ పూట రిపోర్టు ఆలస్యమైంది, ఎంఈఓ ఆఫీసు నుంచి ఫోను కూడా వచ్చింది. పరవాలేదు అనిపించింది.

ఆ పిల్లని "నువ్వు అడిగావు కాబట్టి మనమందరం చూశాం" అన్నాను. ఇప్పుడు రోజుకో ప్రశ్న తెస్తోంది.

లెక్కల_పంతులు

@మెట్టపంట గారూ, మీరు ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడుపుతూ ఇది చేశారంటే, నేను నా షెడ్యూల్ గురించి ఇంకోసారి ఆలోచించుకోవాలి. ఆదివారం ఔటింగ్ లేని వారాల్లో క్యాంపస్‌లో ఒక గంట ఖాళీ ఉంటుంది. వరదన్ మాస్టారి పద్ధతిలో, ఇష్టమున్న పిల్లలకి మాత్రమే, మార్కులు లేని లెక్కలు పెడతాను. అడిగి చూస్తాను, ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

పాలమూరు_రాజు

అందరూ తరగతి గది ముచ్చట్లు చెప్తున్నరు, నేను గురుకులంల చదివిన. సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అంటే మా ఊళ్ల వేరే దిక్కు లేనోళ్లే పోతరు అనుకునేటోళ్లు. 2014 మే 25 తర్వాత ఆ మాట తగ్గింది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి మలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు కూడా నిండలేదు, గురుకులం పిల్ల, ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం దిక్కు నుంచి ఆనంద్ కుమార్ కూడా తన వెంట ఎక్కిండు. వాళ్లకు మొదట కొండ ఎక్కుడు నేర్పింది భువనగిరి గుట్ట మీద, శేఖర్‌బాబు అనే కోచ్. అప్పుడు గురుకులాల సెక్రటరీ ప్రవీణ్ కుమార్ సార్. పూర్ణ అమ్మానాయినలు వ్యవసాయ కూలీలు. ఆమెను ఎవరన్న ముందుగాల "నీకు ఎవరెస్టు ఎక్కాలని ఉందా" అని అడిగి ఉంటరా? పిల్లలకు అడగడం కూడా తెల్వని ప్రశ్నలు కొన్ని ఉంటయి. మంచి సార్ అవి తనే అడుగుతడు.

నా సంగతి గంత పెద్దది కాదు. మా పీఈటీ సార్ పొద్దున అయిదింటికి లేపి ఉరికించేటోడు. నేను రన్నింగ్‌ల ఎప్పుడూ వెనకనే. ఒకరోజు సార్ నాకు స్టాప్‌వాచ్ ఇచ్చి అందరి టైం రాయమన్నడు. రాసుకుంట రాసుకుంట, ఎవరు ఏ రోజు ఎందుకు స్లో అయిన్రో, ముందురోజు ఏం తిన్నరో కూడా రాసుడు మొదలుపెట్టిన. సార్ ఆ నోట్‌బుక్ చూసి, నువ్వు ఉరకనవసరం లేదురా, నీ పని ఇదే అన్నడు. బీపీఈడీ చేసిన, ఇప్పుడు ఒక స్పోర్ట్స్ స్కూల్ల అథ్లెటిక్స్ కోచ్‌ని.

కొల్లేటి_కొంగ

@పాలమూరు_రాజు తమ్ముడూ, నీ నోట్‌బుక్ కథకి నేను వందనం. వాల్తేరు_పిల్ల, నువ్వు కూడా చూడు, అది స్టాటిస్టిక్సే కదా!

వాల్తేరు_పిల్ల

అవును బాబాయ్ గారూ, ముందురోజు తిండి, మర్నాటి టైం రెండూ పక్కపక్కన రాశాడంటే అసలైన డేటా అదే. రాజూ, ఆ నోట్‌బుక్ ఉంటే దాచుకో.

రావు గారి గురించి మరొకటి. ఆయన తన పుస్తకాల్లో ఒకదాన్ని వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి ఇచ్చిందని అందులో రాసుకున్నారు. పద్మవిభూషణ్, అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి, ఇన్ని వచ్చిన మనిషి. ఆ బహుమతి వచ్చిన ఏడాదే ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో పోయారు. మా సార్ ఆ రోజు కాలేజీలో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ అంకితం చదివి వినిపించారని జూనియర్లు చెప్పారు. ఉపాధ్యాయులు అంటే బడిలో ఉండేవాళ్లే అనుకుంటే ఆవిడని ఎక్కడ పెట్టాలి?

రెండో_బెంచీ

అక్కా, అన్నలూ, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, తెలుగు మీడియంలో చదివి వచ్చాను. ఇదంతా ఒకే కూర్చోడంలో చదివాను. నాకు లెక్కలు ఇష్టం, ఇంజనీరింగ్ మీద మనసు లేదు. ఇంట్లో మాత్రం బీటెక్ కాకపోతే జీవితం లేదు అంటున్నారు, రోజూ టెన్షన్. రావు గారు చదివిన ఆ కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో మాలాంటివాళ్లకు సీటు వస్తుందా? ఫీజు ఎంత ఉంటుంది?

అట్లాంటా_ఆవకాయ

తమ్ముడూ, ప్రవేశ పరీక్ష బాగా రాస్తే వస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, 1931లో మహలనోబిస్ స్థాపించారు, 1959లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. ఇంటర్ తర్వాత కలకత్తాలో బీస్టాట్, బెంగళూరులో బీమ్యాథ్. ఇన్నాళ్లూ అక్కడ చదివినవాళ్లకు ఫీజుల భారం తక్కువ, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తూ వచ్చారు. ఈ ఏడాది నిబంధనలు, తేదీలు మాత్రం వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూసుకో, నా మాట మీద ఉండకు. ఇంట్లో వాళ్లకు ఈ స్టైపెండ్ మాట ముందు చెప్పు, సగం గొడవ తగ్గుతుంది.

వాల్తేరు_పిల్ల

@రెండో_బెంచీ, ఆ ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు ముందు దింపుకో. ఎంసెట్ లెక్కల్లా నిమిషానికొకటి చేసేవి కావు. కొన్ని లెక్కలకు అరగంట కూర్చోవాల్సి వస్తుంది, నిరూపణ మొత్తం రాయాలి. మొదట ఏమీ రాదు, అందరికీ అంతే. ఇంగ్లిష్ గురించి భయపడకు, లెక్కల ఇంగ్లిష్ చిన్నది, రెండు నెలల్లో అలవాటవుతుంది. అక్కడ రాకపోయినా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఎమ్మెస్సీ కోర్సులున్నాయి, ఆంధ్ర యూనివర్సిటీలో, ఉస్మానియాలో పీజీకి స్టాటిస్టిక్స్ ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉన్న గవర్నమెంటు కాలేజీ మీ జిల్లాలో ఎక్కడుందో రాయి, నాకు తెలిసిన సీనియర్లు ఉంటే కలుపుతాను.

లెక్కల_పంతులు

@రెండో_బెంచీ, నిరూపణలు రాయడం నేను దిద్దుతాను. వారానికి ఒక లెక్క ఇక్కడే పెడతాను, నువ్వు ప్రయత్నించి ఫోటో పెట్టు. మొదటిది ఇదిగో: వరసగా ఉండే ఏ మూడు పూర్ణసంఖ్యలను గుణించినా 6తో శేషం లేకుండా భాగం పోతుంది. ఎందుకో చూపించు. ఆదివారం దాకా టైం. మిగతావాళ్లు జవాబు చెప్పెయ్యకండి, దయచేసి.

రెండో_బెంచీ

సరే సార్. నాలుగు సంఖ్యలైతే 24తో పోతుందా అని కూడా చూస్తాను.